గేటు దాటిన బండి

ఆ పొద్దు అంజలి చేయవలసిన పనులు ఇవి.

కుళాయి వచ్చే వేళకు బిందెలు పట్టాలి. అమ్మ సంతోషమ్మ కంట్లో చుక్కల మందు వేయాలి. వదిన ప్రమీల పత్తి మిల్లుకు పోయేలోపు జొన్నరొట్టెలు కాల్చి డబ్బా కట్టాలి. నందవరంలో బస్సెక్కి, ఎమ్మిగనూరులో మారి, ఆదోని చేరాలి. కార్ల యార్డు తాళం తీసి, రాత్రి జల్లుకు అద్దాల మీద మిగిలిన మట్టిచారలు తుడవాలి. కర్ణాటకలోని సిరుగుప్పలో ఒక ఓనరుకు ఫోన్ చేసి, పెట్టాల్సిన సంతకం గుర్తు చేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, యజమాని వీరభద్రయ్య చేతులు జోడించి మరీ అప్పగించిన పని ఇంకొకటి ఉంది: ఈ ఒక్క పొద్దు కొనడానికి వచ్చినవాళ్లతో గొడవ పడకూడదు.

చివరిది తప్ప అన్నీ జరిగాయి.

వీరభద్రయ్యది ఒకప్పుడు పత్తి వ్యాపారం. అది దెబ్బతిన్నాక, పత్తి బోరాలు పేర్చే స్థలంలో పాత కార్లు నిలబెట్టాడు. వాటిలో సగం కర్ణాటక నంబరువే. సరిహద్దు దాటితే చవగ్గా దొరుకుతాయి, ఇక్కడికి తెచ్చి అమ్ముతాడు. కాగితాలు చూడడానికి బి.కాం. చదివిన అంజలిని పెట్టుకున్నాడు. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆ పిల్లే మొదలు. పని బాగా చేస్తుంది. నోరే కొంచెం కటువు.

పది గంటలప్పుడు చినుకుల్లో ఒక కుర్రవాడు వచ్చాడు. మెడలో ఎర్రగళ్ల గమ్చా తువ్వాలు, చెప్పుల నిండా రేగడి మట్టి. పక్కపక్కనే ఉన్న రెండు తెల్ల కార్ల చుట్టూ తిరిగి, వంగి అడుగుభాగం చూసి, లేచి అంజలి వైపు వచ్చాడు.

“మేడమ్, రెండూ ఒకటే మోడలు, ఒకటే సంవత్సరం. కేఏ నంబరుది అంత తక్కువేంది? దానికేమన్నా రోగమా?”

“రోగం బండికి లేదన్నా. కొనేవాళ్లకి.”

బల్ల దగ్గర వీరభద్రయ్య దగ్గాడు. అది హెచ్చరిక.

“అన్నా అంటే రేటు తగ్గుతాదా?” అన్నాడతను.

“తగ్గదు.”

“అట్లయితే ఆ పిలుపొద్దులే మేడమ్. నా పేరు శేఖర్. ఎమ్మిగనూరు.”

అంజలి నవ్వలేదు. ఆ తేడా ఎందుకో రోజూ చెప్పే మాటల్లోనే చెప్పింది. కొత్త బండి కొన్నప్పుడు లైఫ్ టాక్సు కర్ణాటకలో కట్టారు. అది శాశ్వతంగా ఈ రాష్ట్రానికి వస్తే, బండి వయసును బట్టి ఇక్కడ మళ్లీ కట్టాలి. బండి పంపడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తేవాలి. మన నంబరు వేయించాలి, కొన్నవాళ్ల పేరు ఎక్కించాలి. ఇవన్నీ చేసేవాళ్లకు రెండు బండ్లకీ పెద్ద తేడా ఉండదు. ఎగ్గొట్టేవాళ్లకే అది చవక.

“ఏడాది దాకా అదే నంబరుతో తిప్పుకోవచ్చంటారే అందరూ?”

అంజలి ముఖం మారింది. బల్ల మీంచి అతను తీసుకున్న బండి తాళం లాక్కున్నంత పని చేసింది.

“నీకు ఈడ బండి అమ్మం. పో.”

వీరభద్రయ్య కుర్చీలోంచి లేచాడు. “అమ్మాయీ, బండ్లు నావా, నీవా?” అని అడిగాడు. బండ్లు మీవే సార్, పాపం మాత్రం ఇద్దరికీ వస్తుంది అని ఆమె జవాబు. శేఖర్‌కు కోపం రాలేదు. తలుపు దగ్గర నిలబడి, చినుకు తగ్గేదాకా ఉంటానని అనుమతి అడిగాడు. ఉన్నంతసేపూ ఊరికే ఉండలేకపోయాడు.

“మేడమ్, నేను కార్లు మోసే ట్రైలర్ తోల్తాను. చెన్నై పక్కనుండే ఫ్యాక్టరీల్లో ఎక్కించుకొని బీహార్‌లో రక్సౌల్ దాకా పోతాను. ఆడ ఒక గేటుండాది. గేటుకవతల నేపాల్. ఈ పక్క ఉన్నప్పుడు ఒక రేటు, గేటు దాటితే రెండింతల పైమాటే. అదే బండి. నేను దారిలో చెయ్యి కూడా పెట్టలేదు. ఏం మారిందో ఇన్నేండ్లయినా నాకు అర్థం కాలేదు.”

“బండి మారలేదు. దాని మీద చెయ్యేసే ప్రభుత్వం మారింది,” అంది అంజలి, తల ఎత్తకుండానే. “గేటు దగ్గర కస్టమ్స్ సుంకం, దాని పైన ఇంకో సుంకం, ఆ మొత్తం మీద వ్యాటు. పన్ను మీద పన్ను. వాళ్ల ఖజానాకి అది పెద్ద ఆదాయం. పెట్రోలు కూడా బయట కొనుక్కునే దేశం. బండ్లు ఎక్కువ కాకూడదని కూడా ఉంటాది.”

“మన సిరుగుప్ప తోవలో గేటు లేదు గదా?”

“ఉంది. కనపడదు. కనపడదు కాబట్టే మనోళ్లు లేదనుకుంటారు.”

వాన ఎప్పుడో ఆగిపోయిందని వీరభద్రయ్య గుర్తుచేసేదాకా అతను కదల్లేదు.

తర్వాతి ట్రిప్పులో రక్సౌల్ నుంచి యార్డు నంబరుకు ఫోన్ వచ్చింది. కస్టమ్స్ దగ్గర లైను కదలక, శేఖర్ నడుచుకుంటూ గేటు దాటి, బీర్‌గంజ్‌లో ఒక షోరూమ్‌లోకి పోయాడట. కిందటిసారి తాను దించిన కారు లాంటిదే అక్కడ మెరుస్తూ నిలబడి ఉందట. “పన్నెండు దినాలు మోసినాను మేడమ్. నన్ను గుర్తుపట్టనే లేదు. అత్తగారింటికి పోయిన పిల్ల లెక్క తల తిప్పుకొనింది,” అన్నాడు.

“ఆడపిల్లల్ని కార్లతో పోల్చినావంటే ఫోన్ పెట్టేస్తా.”

“పెట్టెయ్యద్దు. దాని రేటు కనుక్కున్నా, రాసుకో.”

రాసుకోవలసిన అవసరం ఆమెకు లేదు. అయినా పెట్టెయ్యలేదు. ఆ తర్వాత అతను ఆమె సొంత నంబరుకే చేసేవాడు. గోరఖ్‌పూర్‌లో పొగమంచు కమ్మితే చేసేవాడు, నాగ్‌పూర్‌లో టైరు పేలితే చేసేవాడు. భూటాన్‌కు పోయే డ్రైవరు ఎవరైనా కలిస్తే ఆ పక్క రేట్లు అడిగి చెప్పేవాడు. ‘మేడమ్’ పోయి ‘అంజలీ’ ఎప్పుడు వచ్చిందో ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు. ప్రమీల పట్టించుకుంది. రొట్టెలు మాడుతుంటే, “నేపాల్లో పిండి రేటెంతంట?” అని అడిగింది.

చలికాలం చివర శేఖర్ సెలవు పెట్టి వచ్చాడు. ఎమ్మిగనూరు బస్టాండులో, బస్సు మారే ఆ కొంచెం వ్యవధిలో, టీ గ్లాసు ఆమె చేతికిచ్చి సంగతి చెప్పాడు. ట్రైలర్ మానేస్తాడట. సొంతంగా ఒక కారు కొని ఆదోనికీ కర్నూలుకూ బాడుగకు తిప్పుకుంటాడట.

“నెలలో రెండు దినాలు కనపడే మొగుడు నీకొద్దు గదా,” అన్నాడు.

అంజలి టీ మొత్తం తాగింది. గ్లాసు కడిగే బకెట్లో వేసి వచ్చింది. “మా అమ్మను అడుగు,” అంది. ఆ మాటతో ఆమె ఒప్పుకున్నట్టేనని అతనికి తెలిసింది. ఆమె కళ్లల్లో భయమెందుకో మాత్రం తెలియలేదు.

సంతోషమ్మ మంచం మీద కూర్చుని అతని మాటలన్నీ విన్నది. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎదుటి మనిషి ఆమెకు మసక నీడ. అతనిదీ ఆదివారం ప్రార్థనకు పోయే ఇల్లే. పాస్టరుగారు మంచి మాట చెప్పారు. మొత్తం విన్నాక ఆమె ఒక్కటే అంది.

“పిల్లోడు మంచోడే నాయనా. డ్రైవరు మాత్రం మా ఇంటికొద్దు.”

కులం అడ్డం రాలేదు, మతం అడ్డం రాలేదు. అడ్డమల్లా స్టీరింగే.

అంజలి అన్న బాలరాజు కారు ప్రమాదంలో పోయాడని శేఖర్‌కు తెలుసు. అంతకుమించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు, అతను గుచ్చి అడగలేదు. పెద్దామె భయమంతా రోడ్డు మీద భయమేననుకున్నాడు. నెమ్మదిగా తోలి చూపిస్తే, తన బండిలో ఒక్కసారి కూర్చుంటే ఆ భయం పోతుందనుకున్నాడు. సంతోషమ్మకు ఆదోనిలో కంటి ఆపరేషన్ కుదిరిన పొద్దు, ఎవరికీ చెప్పకుండా, తెల్లవారగానే నందవరంలో వాళ్ల ఇంటి ముందు కారు ఆపాడు. పాస్టరు చేత తాళాలకు ప్రార్థన చేయించుకుని, బానెట్ మీద బంతిపూల దండ వేసుకుని వచ్చాడు. సన్నటి వాన. పూలు తడిసి వేలాడుతున్నాయి.

అంజలి గడప దాటింది. దండ చూసింది. దండ కింద కేఏ నంబరు చూసింది.

“ఎవరి పేరున ఉంది?”

“రాయచూర్లో హరికృష్ణ అని మా ట్రైలర్ ఫ్రెండు. వాడిదే. వాడిచ్చిన రేటుకి ఇంగెక్కడా రాదు. పేరుకేముంది, మార్పించుకుంటాలే. ఏడాది ఉంది గదా.”

ఆమె చెప్పులేసుకుంది. వీధి చివరకు పోయి ఆటో పిలుచుకొచ్చింది. తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించి ఎక్కించింది. వెనకే ప్రమీల ఎక్కింది. “కారు వచ్చిందన్నారే?” అని సంతోషమ్మ అడిగితే, మనది కాదమ్మా అంది. శేఖర్ వానలో నిలబడి, ఏం తప్పు చేశానో చెప్పి పొమ్మని అడుగుతున్నాడు. ఆమె ఆటోలోంచి రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని ఆమెకు తెలుసు. తల్లి పక్కన ఏడవకూడదు.

అప్పుడు ప్రమీల ఆటో దిగింది. అతని ఎదురుగా పోయి నిలబడింది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అయినా ప్రతి మాటా ఆటోలోకి వినిపించింది.

“శేఖరూ, మా ఆయనా ఇదే మాటన్నాడు. ఏడాది ఉందిలే అని. సిరుగుప్పలో కొన్నాడు. పేరు మార్చుకోమంటే నవ్వినాడు. ఏడాది తిరగలేదు, పోయినాడు.”

శేఖర్ తల వంచాడు.

“ఆ బండికి బీమా ఉండాది. తోలేటప్పుడు ఓనరు సస్తే ఇంటోళ్లకొచ్చే దుడ్లు కూడా దాంట్లో రాసుండాది. నేనూ అంజలీ ఆ ఆఫీసుకి పోయినాము. ఓనరు ఎవరమ్మా అని అడిగినారు. కాగితంలో సిరుగుప్పాయన పేరుండాది. ఆయన బతికే ఉండాడు. ఓనరు బతికే ఉండాడు గదమ్మా, ఇంగ ఇచ్చేదెవరికి అన్నారు. మరి నా మొగుడు ఎవరప్పా? ఆ బండిలో ఊరికే కూసున్న మనిషా?”

ఆటో డ్రైవరు ఇంజను ఆపేశాడు.

“ఆ ఏడాది గడువు తన బండి తోలుకొని వేరే రాష్ట్రం వచ్చిన ఓనరుకంట. కొన్నోళ్లకి కాదంట. మన పక్క ఎవురికీ తెలీదు. అంతా అయిపోయినాక ఈ పిల్ల చదివి తెలుసుకొనింది. అందుకే పోయి ఆ యార్డులో కూసునింది. వచ్చినోళ్లందరితో కొట్లాడతా ఉంటాది.” కొంగుతో ముఖం తుడుచుకుని ఆటో ఎక్కింది. “బండికి పూలు బాగుండాయి. తీసేయ్,” అంది.

ఆటో ఆదోని దారి పట్టింది. సంతోషమ్మ దారిలో ఒకచోట, ఎప్పటిలాగే, కొంగు ముఖం మీదికి లాక్కుంది. బాలరాజు పడిపోయిన వంపు అదని మసక కళ్లకు కనబడకపోయినా, రోడ్డు తిరగడాన్ని బట్టి ఆమెకు తెలుస్తుంది. ఆ తావును ఆమె ఇంతవరకు చూడలేదు.

శేఖర్ ఫోన్లు అంజలి ఎత్తలేదు. కోపమని అందరూ అనుకున్నారు. కోపమైతే తగ్గేది. ఆ దండ, ఆ నవ్వు ముఖం, ఆ మాట చూసినప్పుడు ఆమెకు తన అన్న కనిపించాడు. ఇంకొక మనిషిని అట్లా పోగొట్టుకోవడం కన్నా, ముందే లేడనుకోవడం మేలనిపించింది.

కొన్నాళ్లకు అతను యార్డుకు వచ్చాడు. బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చాడు. తలుపు లోపలికి రాకుండానే అడిగాడు.

“మేడమ్, రాయచూరు బండికి ఎన్‌ఓసీ తేవాలంటే ఏమేం కావాల?”

మళ్లీ మేడమ్ అయింది. ఆమె కొనుగోలుదారులకు చెప్పినట్టే, ముఖం చూడకుండా చెప్పింది. బండి మీద బ్యాంకు అప్పు తీరిపోయిందన్న కాగితం, పోలీసు కేసులు లేవన్న కాగితం, ఓనరు సంతకాలు, చాసిస్ నంబరు పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్ర. అతను విని, తల ఊపి, వచ్చిన దారిన పోయాడు. వీరభద్రయ్య కళ్లజోడు తీసి, “ఆ పిల్లోడికి నీళ్లన్నా ఇయ్యలేదే అమ్మాయీ,” అన్నాడు.

హరికృష్ణ ఒకసారి ఊళ్లో ఉండడు, ఇంకోసారి సంతకం కలవదు. రాయచూరుకు బస్సులో పోవడం, ఒట్టి చేతులతో రావడం. కారు ఎమ్మిగనూరులో అతని ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉంది. ట్రైలర్ పని వదిలేశాడు కాబట్టి, అంతదాకా మార్కెట్ యార్డులో పల్లికాయ బస్తాలు మోశాడు. వీధిలోవాళ్లకు అతను మంచి కాలక్షేపం. “కారు కొన్నోడు బస్సు కోసం ఉరుకుతాండాడు సూడండప్పా,” అని నవ్వేవాళ్లు. స్నేహితుడొకడు పెళ్లి ఊరేగింపుకు ఒక్క పూట ఇమ్మని అడిగితే ఇవ్వలేదని మాటలే మానేశాడు. ఇవన్నీ అంజలికి బస్సులోనే తెలిసేవి. ఎమ్మిగనూరులో బస్సు మలుపు తిరిగేటప్పుడు, సందు చివర ఆ నీలం టార్పాలిన్ కనబడేది. దాని మీద దుమ్ము పెరుగుతూ వచ్చింది. ఆ దుమ్మును చూడడానికే ఆమె కుడివైపు సీటు వెతుక్కునేది.

టాక్సు కట్టడానికి చివరికి అతను తన తల్లి కమ్మలు తాకట్టు పెట్టాడని విన్నరోజు, ఆమె తానే ఫోన్ చేసింది.

“చవకగా దొరికిందన్నావే. ఇప్పుడెంతకొచ్చింది?”

“ఏపీ నంబరుది కొనుంటే ఇంతకే వచ్చేది,” అన్నాడు. “గేటు కనపడింది అంజలీ.”

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు, ఆ రోజు ఆటోలో ఆపుకున్నదంతా కూడా వచ్చింది. ఆమె ఏడుపు అయిపోయేదాకా అతను ఫోన్ పెట్టెయ్యలేదు.

కొత్త ఆర్‌సీ కార్డు వచ్చిన ఆదివారం, శేఖర్ నందవరానికి బస్సులోనే వచ్చాడు. కార్డు తెచ్చి సంతోషమ్మ చేతిలో పెట్టాడు. ఆపరేషన్ అయ్యాక ఆమెకు చూపు బాగా వచ్చింది. చదువు మాత్రం రాదు. కార్డును అటూ ఇటూ తిప్పి చూసి కూతురికిచ్చింది.

“ఏముందో సదువు.”

అంజలి చదివింది. బండి నంబరు, ఇంజను నంబరు చదివింది. ఓనరు పేరు దగ్గర ఆగి, కార్డును వెలుతురుకు తిప్పుకుంది. ఆ పేరు కూడా చదివింది.

సంతోషమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి నిమిరింది. “మా బాలరాజు పేరు కూడా ఈడనే రాసేటోళ్లా?”

“ఈడనేమ్మా,” అంది అంజలి.

గుమ్మం దగ్గర ప్రమీల అటు తిరిగి నిలబడింది. ముసలామె శేఖర్ వైపు తిరిగి అడిగింది. “బండి యాడుండాది నాయనా?”

“ఎమ్మిగనూరులో మా ఇంటి ముందరే ఉందమ్మా. మీరు తెమ్మంటే తప్ప తేకూడదనుకున్నా.”

“తీసుకరా. కొడుకు పడిపోయిన తావు సూడాల నేను. ఇన్నాళ్లూ కండ్లు మూసుకొని దాటినా.”

అతను పోయి తెచ్చాడు. ముగ్గురు ఆడవాళ్లూ వెనక సీట్లో కూర్చున్నారు. ముందు సీటు ఖాళీగా ఉంది. ఎమ్మిగనూరు దాటి, ఆదోని రోడ్డులో ఆ వంపు దగ్గర శేఖర్ బండిని పక్కకు తీసి ఆపాడు. చూడడానికి అక్కడేమీ లేదు. తుమ్మచెట్టు బెరడు మీద పాత గాటు, మట్టిలో కూరుకుపోయిన అద్దం ముక్కలు, అవతల తీతకు వచ్చిన పత్తిచేను. సంతోషమ్మ చెప్పులు విడిచి ఆ మట్టిలో నిలబడింది. ప్రార్థన చేస్తుందనుకున్నారు. చేయలేదు. వంగి, అరచేయి నేలకు ఆనించి, బిడ్డకు జ్వరం చూసినట్టు చాలాసేపు ఉంచింది. లారీలు హారను కొట్టుకుంటూ పోయాయి. ప్రమీల ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

లేచాక శేఖర్ దగ్గరకు వచ్చింది.

“నేను వద్దన్నంత మాత్రాన ఈ రోడ్డు మీద బండ్లు ఆగవు. ఎవురి కొడుకో తోల్తానే ఉంటాడు. నువ్వు జాగర్తగా తోలు,” అంది. తర్వాత కారు చుట్టూ నడిచి పోయి, ముందు తలుపు తానే తీసింది. ఆమెకు ఆ పిడి ఎట్లా లాగాలో తెలియక రెండుసార్లు జారింది. తీసి, కూతురి వైపు చూసింది.

“నువ్వు ఈడ కూసో పాపా.”

బండి మళ్లీ నందవరం వైపు తిరిగింది. శేఖర్ చూపు రోడ్డు మీదే ఉంది. అంజలి చూపు కూడా రోడ్డు మీదే. వాళ్లిద్దరూ మొదటిసారి పక్కపక్కన కూర్చున్న ప్రయాణం అది.

వేసవిలో నందవరం చర్చిలో పెళ్లి జరిగింది. వీరభద్రయ్య వచ్చి చదివింపులు ఇచ్చి, కొనేవాళ్లతో గొడవ పడే మనిషి మళ్లీ ఎప్పుడు పనిలోకి వస్తుందని అడిగి పోయాడు. అంజలి ఇప్పటికీ ఆ యార్డులోనే ఉంది. వినేవాళ్లకూ విననివాళ్లకూ ఒకే మాట చెబుతుంది.

చదివే మీకు ఒక మనవి. పక్క రాష్ట్రం బండి చవకగా దొరికిందని మీరు సంబరపడే రోజు వస్తే, తాళం జేబులో వేసుకునే ముందు నందవరం బాలరాజును ఒక్కసారి తలచుకోండి. సిరుగుప్పలో కొన్నాడు, పిల్లాడిలా మురిసిపోయాడు, ఏడాది ఉందిలే అన్నాడు. ఏ కాగితంలోనూ అతని పేరు లేదు. మీరైనా గుర్తుంచుకోండి. ఆ బండి అతనిదే.